పదో నిమిషంలో ఆగిపోయే మోటారు

నేను యూనివర్సిటీలో మెకానిక్‌గా చేరిన మూడో ఏడు, అరవయ్యో దశకం చివర్లో, జంతుశాస్త్ర శాఖకు ఒక పాత పడవ మోటారు వచ్చింది. పడవ వెనక చెక్కకు బిగించి నడిపే రకం. ఎక్కడో ఏదో సర్వే ముగించుకున్నవాళ్లు వదిలించుకున్న సామాను అది. చెరువుల్లో నీళ్లూ చేపలూ పట్టి పరీక్షించే ప్రొఫెసరుగారు దాన్ని తెప్పించి మా షెడ్డు ముందు దింపించారు. నాలుగు నెలలు గోనెసంచి కప్పుకుని అక్కడే పడి ఉంది. దాన్ని విప్పింది నేను. తుప్పు గీకింది నేను. మెట్టుగూడ పాతసామాన్ల కొట్లో వెతికి, ఏదో మోటారు సైకిలుకు పనికొచ్చే రింగులు తెచ్చి, ఆకురాయితో అరగదీసి పిస్టనుకు ఎక్కించింది నేను. ఈ మాట మొదటే ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత ఆ మోటారు గురించి ఎవరు మాట్లాడినా ఈ ముక్క వదిలేసే మాట్లాడారు.

షెడ్డు వెనక ఒక పెద్ద ఇనప డ్రమ్ములో నీళ్లు నింపి, అంచుకు మోటారు బిగించి తాడు లాగాను. పదిహేనోసారికో ఇరవయ్యోసారికో అందుకుంది. డ్రమ్ములో నీళ్లు ఎగిరి నా మీదా, చూడవచ్చిన గుమాస్తాల మీదా పడ్డాయి. మర్నాడు హబ్సిగూడ దాటాక ఉన్న చెరువులో పడవకు బిగిస్తే రెండు గంటలు ఆగకుండా తిప్పింది. ఒడ్డుకు దిగుతూ ప్రొఫెసరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"సీనియర్ మెకానిక్ పోస్టు ఒకటి శాంక్షన్ కాబోతోందయ్యా. ఈ సీజనంతా దీన్ని ఇట్లాగే నడిపించు. నీ పేరు రాస్తాను."

ఆ రోజు అంబర్‌పేట దాకా సైకిలు ఎలా తొక్కానో నాకు తెలియలేదు. ఇంట్లో అందరికీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

నెల తిరక్కముందే ఇంజినీరింగ్ వర్క్‌షాపు నుంచి మా శాఖకు ఇంకో మెకానిక్‌ను బదిలీ చేశారు. గోదావరి ఒడ్డు మనిషి. వాళ్ల మేనమామలు లాంచీలు నడిపేవారట. నాకంటే నాలుగేళ్లు చిన్న. తార్నాకలో అద్దెకుండేవాడు, పాత స్కూటరు మీద వచ్చేవాడు. మొదటి రోజే ప్రొఫెసరుగారు అతణ్ణి వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చి, "ఈయన పడవల మధ్యే పుట్టాడు. ఇక మనకు దిగుల్లేదు" అన్నారు. నేను అక్కడే, చేతులకు గ్రీజుతో నిలబడి ఉన్నాను. అతనికి 'ఈయన'. నాకు 'ఏమయ్యా'. పోతూ పోతూ, "పోస్టు ఒక్కటే. మీ ఇద్దరిలో ఎవరు మోటారును దారిలో పెడితే వాళ్లకి రాస్తాను" అన్నారు. నెల కిందట చెయ్యి వేసిన భుజం వైపు ఆయన చూడను కూడా లేదు.

తర్వాతి ఏడాది ఊరంతా ఆంధ్రా, తెలంగాణా గొడవ వచ్చినప్పుడు, మా ఇద్దరి తగాదా కూడా అదేనని అనుకున్నారు కొందరు. కాదు. మాది దానికన్నా చిన్నది. చిన్నది గనకే లోపలికి దిగింది.

అతనిలో తప్పు పట్టుకుందామంటే దొరకదు. అదే నా బాధ. నా బాక్సు స్పానరు అడక్కుండా తీసుకునేవాడు. తిరిగి పెట్టేటప్పుడు నేను పెట్టేదానికన్నా శుభ్రంగా తుడిచి పెట్టేవాడు. నన్ను 'గురువుగారూ' అని పిలిచేవాడు. అందులో వెక్కిరింత ఉందో లేదో నెలల తరబడి చెవి ఒగ్గి విన్నాను. సాయంత్రం రోజూ, "ఎక్కండి గురువుగారూ, ఇంటి దాకా దింపుతాను" అనేవాడు. "నాకు సైకిలున్నది" అనేవాణ్ణి నేను రోజూ.

అతను వచ్చిన వారానికే ట్యాంకులో పెట్రోలు తగ్గడం కనిపించింది. సాయంత్రం నింపి పెడితే పొద్దున్నకు రెండు వేళ్లు తక్కువ. నేను స్కూటరు వైపు చూశాను. ఎవరితోనూ అనలేదు. నేరుగా స్టోరుకీపరు దగ్గరికి వెళ్లాను.

ఆయన పాతకాలపు ముసలాయన, రిటైరవడానికి ఏడాది ఉంది. జంతువులను సీసాల్లో నిలవ ఉంచడానికి వాడే స్పిరిట్‌ను తాగేవాళ్లు ఉండేవారని, ప్రతి స్పిరిట్ డబ్బా మూతా దారంతో కట్టి, పైన లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర ఒత్తేవాడు. గోడౌను తాళానికీ లక్కే. ఆయన బల్ల మీద పొద్దస్తమానం కొవ్వొత్తి, ఎర్రటి లక్క కడ్డీ ఉండేవి.

"చచా, మోటారు ట్యాంకుకు గూడ సీలెయ్యాలె" అన్నాను.

"ఎందుకు బేటా? ఎవరి మీదన్న షక్కున్నదా?"

"ఎవరి మీద లేదు. సర్కారు పెట్రోలు గదా."

"సహీ బాత్. ఏస్త తియ్. నా సీలు మీద చెయ్యేసెటోడు ఇంక పుట్టలే" అన్నాడు ఆయన సంతోషంగా.

ఆ రోజు నుంచి సాయంత్రం పెట్రోలు నింపగానే ఆయన వచ్చి మూతకు దారం చుట్టి, లక్క పోసి, ముద్ర వేసేవాడు. చెరువుకు వెళ్లి వచ్చాక ఆయన ఎదుటే సీలు విప్పాలి. మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదు. పెట్రోలు తగ్గడం ఆగింది. నా అనుమానం నిజమేనని నాకు నేను చెప్పుకున్నాను.

మోటారు ఆగిపోవడం కూడా అప్పుడే మొదలైంది.

చెరువులో ఒక్క లాగుకు అందుకునేది. పది నిమిషాలు హాయిగా తిరిగేది. తర్వాత దగ్గడం, గొంతు పట్టినట్టు రెండు మూడు సార్లు గురగుర, ఆపైన నిశ్శబ్దం. పావుగంట ఆగి లాగితే మళ్లీ అందుకునేది, మూడు నిమిషాలు నడిచి మళ్లీ చచ్చేది. ప్రొఫెసరుగారి సీసాలు, వలలు, గొడుగు, మేము, అందరం నడిచెరువులో. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు. షెడ్డుకు తెచ్చి, సీలు విప్పించి, డ్రమ్ముకు బిగిస్తే గంటసేపు ఆగకుండా ఆడేది. ఏ జబ్బూ లేనట్టు.

నేను స్పార్క్ ప్లగ్గు మార్చాను. ఆడింది. చెరువులో ఆగింది. కార్బొరేటర్ విప్పి సన్నరంధ్రాల్లో నోటితో ఊదాను. ఆడింది. చెరువులో ఆగింది. కాయిలు వేడెక్కి ఆగుతోందని తేల్చి, దాన్ని విప్పి ఎండబెట్టి మళ్లీ చుట్టించాను. డ్రమ్ములో గంటన్నర ఆడింది. ఆ రోజు అందరినీ పిలిచి చూపించాను. మర్నాడు చెరువులో సరిగ్గా పదో నిమిషానికి ఆగింది.

అతను నీటి లోపలి భాగం చూశాడు. ఆకు చుట్టుకుంటోందేమోనని రెక్కలు విప్పాడు. ఇంజన్ను చల్లబరిచే నీళ్లు పైకి వస్తున్నాయో లేదో చూశాడు. అతనికీ దొరకలేదు. అది నాకు ఎంత ఊరటగా ఉండేదో చెప్పడానికి ఈ వయసులో సిగ్గుపడను. మోటారు బాగుపడాలని దేవుడికి మొక్కుకుంటూ, అతని చేతిలో మాత్రం బాగుపడకూడదని ఇంకో మొక్కు కలిపేవాణ్ణి.

"గీయన అచ్చినంకనే మోటారు సచ్చింది సార్. అంతకుముందు రెండు గంటలు నడిచింది, మీరే చూసిన్రు" అని ఒకరోజు ప్రొఫెసరుగారితో అన్నాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "కారణం చెప్పవయ్యా. మనుషుల గురించి కాదు, మోటారు గురించి" అన్నారు. పక్కనే అతను ఉన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

సీజను అయిపోవచ్చింది. ఆఖరివారం ముగ్గురం చెరువుకు వెళ్లాం. ప్రొఫెసరుగారు పడవ ముందుభాగంలో మాకు వీపుపెట్టి, నీళ్లలో సీసాలు ముంచి తీస్తున్నారు. మోటారు ఆగింది. నేను తాడు లాగాను. లాగుతూనే ఉన్నాను. అరచెయ్యి పొక్కి చితికింది.

"ఒక్క నిమిషం ఆపండి గురువుగారూ" అన్నాడతను.

"ఆపితె నడుస్తదా?"

"ఏమో. ఒకసారి విననివ్వండి."

వంగి, ట్యాంకుకు చెవి ఆనించాడు. వేళ్లతో కొట్టి చూశాడు. తర్వాత మూత మీద లక్క వైపు కొంతసేపు చూశాడు. చొక్కాకు బొత్తం ఊడిన చోట పెట్టుకున్న పిన్నీసు తీసి, ముద్ర మధ్యలో గుచ్చి తిప్పాడు.

సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

ఆ మూత మధ్యలో చీమ దూరేంత బెజ్జం ఉంది. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావడానికి. గాలి రాకపోతే కాసేపటికి పెట్రోలు దిగదు. ఇది తెలియని మెకానిక్ ఉండడు. ఆ బెజ్జాన్ని మొదట కిరోసిన్‌తో కడిగి తెరిచింది కూడా నేనే. దాని మీద రోజూ సాయంత్రం, నా కళ్ల ముందు, నేను అడిగినందుకు, లక్క పోశారు. షెడ్డులో సీలు విప్పాకే ఆడించేవాళ్లం గనక ఆడేది. నేను బాగుచేశాననుకున్న ప్రతిసారీ నేను చేసిందల్లా మూత తీయడం.

అతను నా వైపు చూశాడు. నేను నీళ్ల వైపు చూశాను. తాడు అతనే లాగాడు. ఒక్క లాగు.

"ఏమిటి సంగతి?" ప్రొఫెసరుగారు తిరిగి అడిగారు.

"దుమ్మండీ. మూతలో గాలిబెజ్జం పూడుకుపోయింది."

"శభాష్! ఇంత చిన్నదా?" అని నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది. కోపమైతే మరిచిపోయేవాణ్ణేమో.

ఒడ్డు చేరేదాకా, ఆపైన ఆ వారమంతా, మోటారు ఆగలేదు. చెరువులో దిగగానే అతను రోజూ ఆ పిన్నీసుతో లక్కను గుచ్చేవాడు. పది రోజుల్లో ఆర్డరు వచ్చింది. సీనియర్ మెకానిక్ అతను.

ఆ సాయంత్రం ఇంటిదారి పట్టకుండా తార్నాక వైపు పోయాను. చౌరస్తాలో చాయ్ హోటల్ ముందు అతని స్కూటరు కనిపిస్తే సైకిలు ఆపి లోపలికి వెళ్లాను. ఎదురుగా కూర్చున్నాను. అతను రెండో చాయ్ చెప్పాడు.

"దుమ్మని ఎందుకు చెప్పినవ్?" అన్నాను.

"మరేం చెప్పమంటారు?"

"లక్క అని చెప్పాలె. నన్ను కాపాడితివా? నాకు నీ దయ అక్కర్లే."

అతను నిజంగా తెల్లబోయాడు. "మిమ్మల్నా? మధ్యలో మీరెందుకొచ్చారు గురువుగారూ? లక్కంటే స్టోరు తాతగారి పీకకు చుట్టుకుంటుంది. ఏడాదిలో రిటైరయ్యే మనిషి, ఓ మెమో ఇచ్చారంటే ఆయనేం కావాలి? అందుకని అలా అన్నాను."

నన్ను కాపాడాలన్న ఆలోచన కూడా అతనికి లేదు. ఇన్ని రోజులుగా ఆ దయను మోయలేక నేను నలిగిపోతుంటే, అది నాకు ఇచ్చింది కూడా కాదు. ఆ కోపంలో నోరు జారాను.

"ముసలాయన ఏం జేసిండు? ఆయనకు సీలెయ్యుమని చెప్పింది నేను."

"మీరా? ఎందుకు?"

చాయ్ మీద మీగడ కడుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. అతను నా మొహం చూశాడు, తర్వాత వాకిట్లో ఉన్న తన స్కూటరు చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు తెలిసి, ఆ పెట్రోలు అతను తీయలేదు. ఎవరు తీశారో, అసలు ఎవరైనా తీశారో లేదో, ఈనాటికీ నాకు తెలియదు.

"అదన్నమాట" అన్నాడు. లేచాడు. బయటికి వెళ్లి స్కూటరు తన్నాడు. రోజూ ఎక్కమని అడిగేవాడు, ఆ రోజు అడగలేదు. నేను ఎక్కేవాణ్ణి కాదు, నిజమే. అయినా అడగాల్సింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో కూర్చుని రిజిస్ట్రారుకు ఫిర్యాదు మొదలుపెట్టాను. ఫిర్యాదులు రాయడం నాకు కొత్త కాదు. క్యాంటీను గురించి, నాకు రావాల్సిన ఖాకీ బట్టల గురించి, చేరినప్పటి నుంచీ రాస్తూనే ఉన్నాను. ఒక్కటీ మధ్యలో వదిలేయలేదు. నాలుగు నెలలు పడి ఉన్న మోటారును నడిపించింది నేనని మొదటి వాక్యం. పోస్టు నాకని మాట ఇచ్చారని రెండోది. మూడోది మోటారు ఎందుకు ఆగిందో, ఎవరు ఎలా సరిచేశారో. దుమ్ము అని రాస్తే అతను చెప్పిన అబద్ధానికి నేను సాక్షి సంతకం పెట్టినట్టు. లక్క అని రాస్తే ముసలాయన ఇరుక్కుంటాడు, ఆయన వెనకే నేను. కలం మూత తీసి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మూడో వాక్యం లేకుండా ఆ ఫిర్యాదుకు అర్థం లేదు.

అతను లోపలికి వచ్చాడు. గురువుగారూ అనలేదు.

"ఏం రాస్తున్నారండీ?"

"స్టోరు సామాన్లకు ఇండెంటు" అన్నాను. పై రెండు వాక్యాలూ కొట్టేసి, వాటి కింద రెండు స్పార్క్ ప్లగ్గులు, ఒక తాడు అని రాసి కాగితం ముందుకు జరిపాను. ఇకమీదట నా ఇండెంట్ల మీద అతని సంతకం ఉండాలి.

కొట్టేసిన వాక్యాలు కనిపిస్తూనే ఉన్నాయి. అతను వాటిని చదివాడో లేదో నాకు తెలియలేదు. "సంతకం ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

వేలితో చూపించాను. అక్కడే పెట్టాడు.