కాకికి పెట్టిన గుడ్డు

మా లింబయ్యను కరెంటు సంపిందని రుద్రూర్ల ఇప్పటికీ అంటరు. అన్నోళ్ల నోట్లె మన్నువడ. నేను ఆయన పెండ్లాన్ని, గంగమణిని. ఏం సంపిందో నాకెరుక.

ఆయన చెరుకు బండి తోలేటోడు. ఎడ్లతోని ముచ్చట పెట్టుకుంట, చుట్ట తాగుకుంట బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దాక పోయేటోడు. కోడిగుడ్డంటే పానం. పందొమ్మిది వందల డెబ్బై రెండుల దగ్గుతుంటే నెత్తురు వడ్డది. ఊపిరితిత్తుల క్యాన్సరన్నరు. హైద్రాబాద్ల రొమ్ముకు కరెంటు పెట్టిన్రు.

కరెంటంటే వైరు గాదు, రేడియేషను. పెద్ద మిషిని కింద పండవెడ్తరు, ఏం కనవడది, ఏం తాకది. కని మూడో వారానికి రొమ్ము మీద తోలు కమిలి నల్లగైంది. ఉమ్మి మింగినా కండ్లల్ల నీళ్లు. నాలుగడుగులేస్తే కూలవడుతుండె. ఇంటికి తోలేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది. "గొంతు మంట కరెంటుతోని వచ్చింది, రోగంతోని గాదు. తగ్గుతది. రెండు వారాలు ఇంటికి తోల్కపో. పాలు, గుడ్లు మెత్తగ జేసి తినిపియ్యి. బలమొస్తేనే మిగిలిన సగం పెడ్తం."

ఇంటికొస్తే మా అత్త హన్మవ్వ పథ్యం వెట్టింది. కరెంటు వేడాయె, గుడ్డు వేడాయె, రెండు వేడులు కలిస్తే కొడుకు మాడిపోతడంట. పాలు తాగితే కఫమంట. ఇగ గంజి తప్ప ఏం లేదు. డాక్టరమ్మ మాట చెప్తే మా బావ ఆత్మారాం, "వాన్ని డాక్టరమ్మ కన్నదా, మా అమ్మ కన్నదా?" అన్నడు.

ఒకనాడు పాలల్ల గుడ్డు గిలకొట్టి కొంగు సాటున తీస్కపోయిన. ఆయన మెల్లమెల్లగ రెండు గుక్కలు మింగిండు. "ఇంకింత పొయ్యవే," అన్నడు. గప్పుడే అత్త వచ్చింది. గిలాస గుంజుకొని వాకిట్ల పారవోసింది. ఏడ్సుకుంటనే పారవోసింది. గదే నాకు ఇంకా మండుతది. పగతోని జేస్తే పండ్లు రాలగొడుదును. పానం వెట్టుకొని జేసేటోళ్లనేం జేస్తం?

రెండు వారాలకు బొక్కల గూడును తోల్కపోయిన. గీ మనిషి తట్టుకోడని డాక్టరమ్మ కరెంటు ఆపింది. ఆయన దీపావళి దాటలే.

పోయిన మూడోనాడు, కాకి ముట్టాలని పిట్టకు వెట్టిన్రు. విస్తర్ల అన్నీ ఆయనకిష్టమైనయే. కోడికూర, కల్లు, నడుమ ఉడకవెట్టిన గుడ్లు. కాకి గోడ మీద కూసుంది గని దిగలే. అందరు దూరంగ నిలవడి సూస్తున్నరు. మా బావ దండం వెట్టి, "తమ్మీ, ఏం కోరిక మిగిలిందిరా?" అని అడిగిండు.

నేను పోయి విస్తర్ల నుంచి ఒక గుడ్డు తీసిన. అత్త చేతుల వెట్టిన.

"గిదే మిగిలింది బావా. పానం ఉన్నప్పుడే అడిగిండు."

అత్త ఆ గుడ్డు పట్టుకొని అట్లనే నిలవడ్డది. కాకి దిగిందో లేదో నేను సూడలే.