ప్రపంచం అంతమయ్యాక కలుపెవరు తీస్తారు?

ఆ రోజు ఎనిమిదో తరగతిలో సంధులు చెబుతున్నాను. రేకుల కప్పు మీద వాన మొదలైంది. తర్వాత నాకు తెలిసేసరికి ఊచలు ఊడిపోయిన కిటికీలోంచి దూకేసి, బయట బురదలో నిలబడి ఉన్నాను. మాస్టారు దూకారంటే ఏదో కారణం ఉండే ఉంటుందని పిల్లలు కూడా ఒకరి వెనక ఒకరు దూకేశారు. హెడ్మాస్టరు గొడుగు వేసుకుని వచ్చి, "ఇది ఏ పాఠం మాస్టారూ?" అని అడిగారు.

"గుణసంధి" అన్నాను. గుండె దడదడలాడుతోంది.

నేను జి.మాడుగుల దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాస్టారిని. మాది విజయనగరం పక్క ఊరు. దీనికి రెండు నెలల ముందు ఘాట్ రోడ్డులో కొండచరియ విరిగిపడి మా బస్సు పక్కకు ఒరిగిపోయింది. ఒకావిడ చనిపోయింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అందుకే ఆ సంగతికీ ఈ దడకీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

గుండె జబ్బే అనుకున్నాం. విశాఖలో ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్, థైరాయిడ్, అన్నీ చేయించాం. కార్డియాలజిస్ట్ రిపోర్టులు తిరగేసి, "మీ గుండె నా గుండెకంటే బాగుంది. గ్యాస్ట్రిక్ అయ్యుంటుంది" అన్నారు. నెల రోజులు పరగడుపున మాత్రలు మింగాను. వాన పడితే నాకు గ్యాస్ వస్తుందని మా ఇంట్లో ఒక నమ్మకం స్థిరపడింది.

ఆ రోజుల్లోనే ఒక నవల మొదలుపెట్టాను. ప్రపంచం అంతా బురదలో కూరుకుపోతుంది. ఒక్క మనిషి మిగులుతాడు. కొండ మీద కూర్చుని, బతుక్కి అర్థం ఏమిటని ఆలోచిస్తాడు. నూట ఎనభై పేజీలు అదే పని. రాస్తున్నంతసేపూ నాకు హాయిగా ఉండేది. నవలలో ఒక్కసారి కూడా వాన పడదు.

నవలకు పరిశోధన అని నాకు నేను చెప్పుకుని కొన్ని సామాన్లు కూడా కొన్నాను. మా ఆవిడ పద్మ మంచం కింద ఊడుస్తూ డజన్లకొద్దీ అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, రెండు బస్తాల రాళ్ళ ఉప్పు బయటకు లాగింది.

"ఏటండీ ఇది? కొట్టు పెడతారా?"

"ప్రపంచం అంతమైపోతే పనికొస్తాయి."

"ప్రపంచం అయిపోయాక రెండు బస్తాల ఉప్పుతో ఏటి సేత్తారు? ఆవకాయ పెడతారా?"

ఆ వారమే నన్ను సైకియాట్రిస్ట్ దగ్గరకు తీసుకెళ్ళింది. ఆవిడ చిన్న వయసు డాక్టరు. "ఈమధ్య ఏమైనా జరిగిందా?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. "బస్సు పడిపోయింది కదండీ" అంది పద్మ. డాక్టరు పెన్ను కింద పెట్టేశారు.

అంతా విని, "దీన్ని పీటీఎస్‌డీ అంటారు మాస్టారూ" అన్నారు. "ప్రమాదం అయిపోయిందని మీ బ్రెయిన్‌కి ఇంకా ఎవరూ చెప్పలేదు." సెర్ట్రలిన్ మాత్ర రాశారు, రెండు వారాలకొకసారి కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. నవల సంగతి తెలిసి, "ఎవరికైనా చదివి వినిపించండి" అన్నారు.

పద్మ రెండు పేజీలు విని లేచిపోయింది. "నన్ను మొదటి పేజీలోనే సంపీసినారు. మిగతాది నాకెందుకు?"

ఇక మిగిలింది మా హాస్టల్లో వంట చేసే సోములమ్మ. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వంటశాల అరుగు మీద చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని చదివాను.

"ఒక్కడే మిగిలాడేటి మేస్టారూ?"

"ఒక్కడే."

"మరి ఎవులితో తగువాడతాడు?"

"తగువులుండవు సోములమ్మా. బతుక్కి అర్థం ఏమిటని ఆలోచిస్తాడు."

"కూకునేనా? సోళ్ళ పంట ఎయ్యడా? ఏసినా కలుపెవులు తీత్తారు?"

పెన్నుతో అంచున 'కలుపు' అని రాసుకున్నాను.

మాత్రలతో నెలన్నరలో కుదుటపడ్డాను. నయమైపోయిందని నాకు నేనే తీర్మానించుకుని మాత్రలు ఆపేశాను. తర్వాత విశాఖ నుంచి వస్తుంటే ఘాట్‌లో చినుకులు పడ్డాయి. బస్సు ఆపించి దిగిపోయి నడవడం మొదలుపెట్టాను. పద్మ సామాన్లతో ఒక ఆటో ఎక్కి, దాన్ని నా వెనకే నడక వేగంతో నడిపించింది. ఆటో డ్రైవరు ప్రతి మలుపులోనూ, "ఎక్కండి సారూ, డబ్బులొద్దు" అని బతిమాలాడు.

"మాత్రలు ఆపమని ఎవరు చెప్పారు?" అని డాక్టరు అడిగారు.

"నేనే."

"మీరు తెలుగు మాస్టారా, సైకియాట్రిస్టా?"

మళ్ళీ మాత్రలు, మళ్ళీ ఆదివారాలు అరుగు మీద నవల. ఒకరోజు సోములమ్మ చేతిలో పని ఆపి, "అందరూ ఎలాగ పోనారో రాయలేదేటి?" అంది.

"కథకి అది ముఖ్యం కాదు. అయిపోయాక ఏం జరిగిందన్నదే కథ."

"సచ్చినోళ్ళకి ముఖ్యమే కదా మేస్టారూ."

కాగితాలు పక్కన పెట్టి, ఎవరికీ చెప్పనిది ఆవిడకు చెప్పాను. బస్సు ఒరిగిపోయినప్పుడు కిటికీలు నెత్తి మీదకు వచ్చాయి. లోపలికి బురద వస్తోంది. నా కాలి కింద ఒక భుజం తగిలింది. ఆ భుజం మీద కాలు మోపి కిటికీలోంచి పైకెక్కి బయటపడ్డాను. వెనక్కి తిరిగి చూడలేదు. అది చనిపోయిన ఆవిడ భుజమో, బతికినవాళ్ళదో నాకు తెలియదు.

సోములమ్మ నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. "తెలీకపోతే తెలీదనే రాయండి" అని మళ్ళీ గింజలు తియ్యడంలో పడింది.

బస్సులో జరిగినదంతా తొమ్మిది పేజీలు రాయడానికి మూడు వారాలు పట్టింది. పట్టపగలు, తలుపులు తీసి పెట్టుకుని, చెమటలు కక్కుతూ రాశాను. కౌన్సెలింగ్‌లో చదువుతూ ఏడ్చాను. డాక్టరు మంచినీళ్ళ గ్లాసు జరిపి, "ఇప్పుడు ట్రీట్‌మెంట్ మొదలైంది" అన్నారు. నాలుగు నెలల ఫీజు కట్టినవాడికి అది వినడం కొంచెం కష్టమే.

ఇది జరిగి ఏడాది దాటింది. డోసు సగానికి తగ్గింది, తగ్గించింది డాక్టరే. వాన మొదలైతే ఇప్పటికీ గుండె ఒకసారి ఉలిక్కిపడుతుంది. పాఠం ఆపి, పిల్లల్ని లెక్కపెట్టి, మళ్ళీ మొదలుపెడతాను. నవలలో ఇప్పుడు ఐదుగురు బతికున్నారు. సోములమ్మ పట్టుబట్టి ఒక గయ్యాళి అత్తను చేర్పించింది. మొదటి పేజీలో పోయిన పద్మ తిరిగొచ్చింది. నా కథానాయకుడికి అర్థం గురించి ఆలోచించే తీరిక ఇప్పుడు దొరకడం లేదు, చేను పని సరిపోతోంది.

నాలాంటివాళ్ళకు ఒకటే చెబుతాను. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు, మీకు జరిగిన సంగతి కూడా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. నోట మాట రాకపోతే ఆ కాగితం బల్ల మీద పెట్టండి చాలు. వాళ్ళ చేతిరాత మనకు అర్థం కాదు గానీ, మన చేతిరాత వాళ్ళు చదువుతారు.