మద్రాసు రేవులో ఆగిపోయిన పడవ

1961లో నేను బళ్ళారిలో, ఇనుప ఖనిజాన్ని విదేశాలకు పంపే ఒక ఆఫీసులో షిప్పింగ్ క్లర్కుగా ఉండేవాణ్ణి. సముద్రం ఎంతో దూరమైనా రోజంతా ఓడల కాగితాలతోనే పని. ‘బిల్ ఆఫ్ లేడింగ్’ అంటే సరుకు ఓడకెక్కిందని ఓడ కంపెనీ ఇచ్చే రసీదు. అలాంటివి నిద్రలో లేపి అడిగినా టైపు చేయగలిగేవాణ్ణి. అయితే మావన్నీ ఎగుమతులే. బయటి నుంచి సరుకు తెప్పించిన అనుభవం ఆఫీసులో ఎవరికీ లేదు.

ఆ ఏడు సిరుగుప్ప వైపు నుంచి లింగమ్మ అనే రైతు మా యజమాని దగ్గరికొచ్చింది. తుంగభద్ర మధ్యలో నడిగడ్డ మీద ఆమెకు వరిపొలాలున్నాయి. జనాన్ని ఏరు దాటించే రేవు కాంట్రాక్టూ ఆమెదే. వానాకాలంలో అక్కడివాళ్ళకు పుట్టే దిక్కు, అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి తెప్ప. వరదకు ఎదురు నిలిచే ఇంజను పడవ కావాలని ఆమె పట్టుదల. మా ఖనిజం కొనే జపాను కంపెనీ ద్వారా అది దొరుకుతుందని తేలింది. యజమాని ఆ పని నాకు అప్పగించాడు.

ఆ రోజుల్లో విదేశం నుంచి ఏది తెప్పించాలన్నా ముందుగా సర్కారు అనుమతి, అంటే ఇంపోర్ట్ లైసెన్సు ఉండాలి. ఎన్నో దరఖాస్తుల తర్వాత, జనాన్ని దాటించే పడవకు మాత్రమే అన్న షరతుతో అది చేతికొచ్చింది. పడవ మద్రాసు చేరింది. అక్కడ కస్టమ్స్ వాళ్ళు ఆపేశారు. అమ్మినవాళ్ళు ఇన్వాయిస్‌లో, అంటే అమ్మకపు బిల్లులో, దాన్ని ‘ప్లెజర్ బోట్’ అని రాశారు. అంటే షికారు పడవ. లైసెన్సులో ఒకటి, బిల్లులో ఇంకొకటి ఉంటే సరుకు జప్తు చేయవచ్చు. ఈలోగా ఏటికి ఎగువన వానలు మొదలై, అక్కడి తుంగభద్ర డ్యాం గేట్లు ఎప్పుడెత్తుతారోనని నడిగడ్డంతా భయపడుతోంది.

నేను మద్రాసుకు బయల్దేరుతుంటే లింగమ్మ తానూ వస్తానంది. ఆఫీసుల్లో ఇంగ్లీషులో మాట్లాడతారని చెప్పినా వినలేదు. గుంతకల్లులో రైలు మారి వెళ్ళాం.

కస్టమ్స్ అధికారి నెల్లూరు వైపు మనిషి. బిల్లు చూపించి, అమ్మినవాళ్ళే షికారు పడవ అన్నాక తాను కాదని ఎలా రాయగలనని తెలుగులోనే అడిగాడు. నేను నిబంధనలు ఏకరువు పెట్టబోతే లింగమ్మ నా చేయి పట్టి ఆపింది.

“పోయినేడు నా కోడలికి నొప్పులొస్తే పుట్టిలో కూర్చోబెట్టుకోని బయల్దేరినామప్పా. ఏరు నిండుగా వస్తాండాది. సుళ్ళల్లో తిరిగి తిరిగి ఒడ్డు చేరేసరికి బిడ్డ దక్కలేదు. షికార్లు చేసేదానికి మాకు యాడ తీరతాది?”

ఆయన బిల్లును తిరిగి ఫైల్లో పెట్టాడు. “జాలిపడి సంతకం పెట్టలేనమ్మా. ఇది రేవు పడవేనని రుజువు తెండి, ఆ రోజే విడుదల చేస్తాను. అంతవరకు జప్తు కాకుండా చూస్తాను,” అన్నాడు.

అప్పటినుంచి పని నాది. జపానుకు తంతి కొట్టి, ఈ రకం పడవనే అక్కడ జనాన్ని ఏరు దాటించడానికి వాడతారని తయారీదారుల చేత ఉత్తరం రాయించాను. రేవు కాంట్రాక్టు ఆమెదేనని సిరుగుప్ప తహసీల్దారు కన్నడంలో పత్రమిచ్చాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి నోటరీ ముద్ర వేయించాను. మెత్తటి సీట్లు తీసేసి బల్లలు వేయిస్తానని లింగమ్మ బాండు రాసిచ్చింది. మాట తప్పితే శిక్షకు ఒప్పుకుంటానన్న పత్రమది. అధికారి ప్రతి పేజీ చదివి, మాటిచ్చినట్టే ఆ రోజే సంతకం పెట్టాడు.

పడవ రైలు మీద బళ్ళారికి, అక్కడి నుంచి లారీలో ఏటి ఒడ్డుకు చేరింది. ఆ వారంలోనే ఎర్రటి నీళ్ళు గడ్డ మీదికి ఎక్కాయి. నేను ఒడ్డున నిలబడి చూస్తుండగా పడవ ఎదురీదుతూ వెళ్ళింది. ముసలివాళ్ళను, పసిపిల్లల తల్లులను, ఆఖరికి మేకలను కూడా ఇవతలికి చేర్చింది. చివరి విడతలో వచ్చిన లింగమ్మ తడిసిన చీరతోనే నా దగ్గరికి నడిచొచ్చింది.

“ఒక్కరూ మిగల్లేదప్పా. అందరూ ఈడనే ఉండారు,” అంది.

ఆ తర్వాత ఎవరు ఏ యంత్రం తెప్పించమని వచ్చినా, దాని ధర కంటే ముందు అది ఎవరికి, ఏ పనికి అని అడిగేవాణ్ణి. ఆ పని పేరే మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా రాయించేవాణ్ణి. రిటైరయ్యేలోగా ఎన్నో ఓడల ఖనిజం పంపాను. కానీ నువ్వేం పని చేశావని ఎవరైనా అడిగితే, ఒక పడవ తెప్పించానని చెబుతాను.