ఆయిలు చుక్క చూసి చెప్పే పెదనాయన

స్కూలు గేటు దగ్గర పిల్లల్ని దించి వ్యాను తలుపు వేస్తుండగా ఫోను మోగింది. పెద్దమ్మ చేసింది. "మీ పెదనాయన పోయినాడు పాపా" అంది. నాకు కాసేపు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ పొద్దున ఇంటి ముందు వ్యాను వెనక్కి తీసేటప్పుడు పక్కింటి షెడ్డులోంచి కాగిన ఆయిలు వాసన గుప్పున వచ్చింది. ఒళ్లు కుదుటపడినట్టుంది, పనిలోకి దిగాడు అని సంతోషపడ్డాను కూడా. ఆ షెడ్డుకు పది రోజులుగా తాళం వేసే ఉందని తర్వాత పెద్దమ్మ చెప్పింది.

ఆయన నాకు సొంత పెదనాయన కాదు. ఓర్వకల్లు రాళ్లగుట్టల పక్కనున్న మా ఊళ్లో మాకు పక్కిల్లు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. నేను స్కూలు వ్యాను నడుపుతాను. బండిలో పద్నాలుగు మంది పిల్లలు. ఆడది వ్యాను నడపడమేమిటని నవ్వినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, ఆ లెక్కలో ఆయన లేడు. అందుకే ఆయన మాటంటే నాకు గౌరవం. అయినా ఒకసారి ఆ మాట కాదన్నాను.

మొదటిసారి వ్యాను ఆయిలు నేనే మార్చబోయి చెయ్యి కాల్చుకున్నాను. ఇంజను అడుగున ఆయిలు చాంబర్‌కు ఒక నట్టు ఉంటుంది. అది ఊడీ ఊడగానే వేడి ఆయిలు మోచేతి దాకా కారింది. నట్టు కింద పెట్టిన ఆయిలు డబ్బాలో పడింది. వెతికి తీసి తుడిచేలోపు గాలి లేచి, మట్టంతా దానికి అంటుకుంది. గోడ మీంచి చూస్తున్న పెదనాయన నవ్వలేదు. పెద్దమ్మ చేత కలబంద పంపించాడు. మర్నాడు పిలిచి, "ఆ నట్టుతో నీకెందుకు పాపా తిప్పలు? దాని బదులు వాల్వు పెట్టుకో. పిడి తిప్పితే సాలు, ఆయిలు ట్యూబులోంచి డబ్బాలోకి పోతాది" అన్నాడు.

కర్నూలు పోయి కొనుక్కొచ్చాను. ఇత్తడిది, తళతళా మెరుస్తూ, కిందికి బెత్తెడు ముక్కుతో భలే ఉంది. ఆయన దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది టౌను బండికి బాగుంటాది. మన దోవలో గుండ్లు ఉండాయి. ఈ ముక్కు ఒక్క రాయికి తగిలిందంటే ఆయిలంతా దోవ పాలు" అన్నాడు. మళ్లీ పంపించాడు. ఈసారి పాత నట్టు చేతిలో పెట్టి, "ఇది సూపిచ్చి తీసుకో. మర వేళ్లతోనే ఎక్కాల. బలవంతం చేసినావంటే చాంబర్ పోతాది" అన్నాడు. పొట్టిది కావాలన్నాడు. పిడికి లాకు ఉండాలన్నాడు, అంటే పైకెత్తి తిప్పితే తప్ప తెరుచుకోని రకం. మళ్లీ వంక పెడతాడేమోనని గొణుక్కుంటూ బస్సెక్కాను.

బిగించేది మాత్రం నా చేతే బిగింపించాడు. ఇంజను గోరువెచ్చగా ఉండగా పాత ఆయిలు తీయించాడు. మర చుట్టూ గుడ్డతో మూడుసార్లు తుడిపించాడు. కొత్త రాగి వాషరు వేయించి, వేళ్లతో ఎక్కినంత ఎక్కించి, చివర్లో స్పానరుతో కొంచెం బిగించమన్నాడు. నేను ఇంకొంచెం బిగించబోతే, "సాలు, దాని గొంతు నులమొద్దు" అన్నాడు. కంప తగిలినా పిడి లేవకుండా దాన్ని వెనకవైపుకు ఉండేటట్టు చూశాడు. పైన సన్నతీగ ఒక చుట్టు చుట్టాడు. కొత్త ఆయిలు పోసి, బండి స్టార్ట్ చేయించి, కింద తెల్లకాగితం పరిచి అరగంట కూర్చున్నాడు. కాగితం మీద చుక్క పడలేదు. ఆ రోజు నుంచి నా చేతులు కాలలేదు, మా వాకిట్లో నల్లమరక పడలేదు.

శుభ్రం కోసమే వాల్వు పెట్టించాడని చాలా రోజులు అనుకున్నాను. ఆయన ఉద్దేశం వేరే. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా మడతపెట్టి, ఖాకీచొక్కా తొడుక్కుని మా వాకిట్లోకి వచ్చేవాడు. వాల్వు కాస్త తెరిచి చెంచాడు ఆయిలు పట్టి, అందులోంచి ఒక్క చుక్క బ్లాటింగ్ కాగితం మీద వేసేవాడు. ఆ కాగితాన్ని షెడ్డులో తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీసేవాడు. సాయంత్రానికి చుక్క పాకి, నడుమ నల్లగా, చుట్టూ బూడిదరంగు వలయంతో నిలిచేది. అది చూసి ఇంజను లోపల ఏం జరుగుతోందో చెప్పేవాడు. అంచు గుండ్రంగా ఉంటే బండి క్షేమం. అంచుకు పళ్లు లేస్తే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయని అర్థం. "బండోన్ని అడగొద్దు, బండిని అడుగు" అనేవాడు.

ఆ షెడ్డులో అట్లాంటి కాగితాలు ఎన్ని వేలాడేవో. ఒక్కోటీ నల్లగుడ్డు వేసిన కన్ను మాదిరి ఉండేది. గాలి వస్తే అన్నీ ఒక్కసారే మన వైపు తిరిగేవి. నిజం చెబుతున్నాను, వాటికి వీపు పెట్టి నిలబడాలంటే నాకు భయమేసేది.

ఊరికి ఇంకా భయం. ఒక జీపాయనకు కాగితం చూపించి, "ఏమప్పా, దీన్ని యాడికీ తీసకపోవద్దు, బేరింగు పోతాండాది" అన్నాడు. జీపాయన కోపంతో కాగితం చింపి పారేశాడు. మూడోరోజు ఇంజను పట్టేసింది. దానికి పెదనాయన చూపే కారణమన్నారు. ముందే చెప్పాడు కదా అన్నవాళ్లు ఒక్కరు లేరు. మెల్లగా షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. చివరికి నా వ్యాను ఒక్కటే మిగిలింది.

ఆ వ్యానుకే ఒక వేసవి సెలవుల్లో ఒంటిమిట్ట కిరాయి తగిలింది. ముందురోజు ఆయన కాగితం పట్టుకొచ్చాడు. అంచు పళ్లుపళ్లుగా ఉంది. "పోవద్దు పాపా, నీళ్లు కలుస్తాండాయి" అన్నాడు. చేతికొచ్చిన కిరాయి పోతుందన్న మంటలో, "నువ్వేమన్నా జోస్యం చెప్పేటోడివా పెదనాయనా? ఊరికే అంటారా జనం నిన్ను?" అనేశాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

మైదుకూరు దాటాక మిట్టమధ్యాహ్నం వ్యాను ఆగిపోయింది. కనుచూపు మేరలో చెట్టు లేదు. లోపల పదకొండు మంది, అందులో ఒక ముసలమ్మ సొమ్మసిల్లింది. ఏడుస్తూ పెదనాయనకు ఫోన్ చేశాను. "వస్తాండా పాపా. నంద్యాల దాటినా" అన్నాడు. నేను ఫోన్ చేయకముందే ఆయన బస్సెక్కి ఉన్నాడు. నాకు ఆ ఎండలోనూ ఒళ్లు జలదరించింది. రెండు గంటల తర్వాత దిగి, ముసలమ్మకు నీళ్లు తాగించి, అందర్నీ దోవన పోయే బండి ఎక్కించి, రాత్రికి టోయింగ్ బండి వచ్చేదాకా నా పక్కన రాయి మీద కూర్చున్నాడు. చెప్పినా వినలేదే అని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

పోయేముందు రెండు నెలలు నా చేతే చుక్క వేయించాడు. కాగితం వైపు చూసేవాడు కాదు. షెడ్డులో గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, "చెప్పు, ఏం కనపడతాంది?" అనేవాడు. నేను బండి కిందుంటే, "పిడి సగమే మూసినావు, చుక్క పడతాంది" అని అక్కణ్నుంచే చెప్పేవాడు. నిజంగానే పడుతుండేది. ఎందుకిట్లా చేయిస్తున్నావంటే, "ఇంక నువ్వే సూసుకోవాల కదా" అన్నాడు. ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆయన్ని మట్టి చేసిన రోజు ఊరంతా వచ్చింది. కానీ మోటారుసైకిళ్లు, ఆటోలు అన్నీ చర్చి దగ్గరే ఆపి నడిచి వచ్చారు. ఆ షెడ్డు ముందు ఒక్క బండీ నిలపలేదు.

తర్వాతి ఆదివారం నేనొక్కదాన్నే చుక్క వేశాను. సాయంత్రానికి అంచున ఒక మూల చిన్న పళ్లు లేచినట్టు ఉంది. కాగితం పీచు లేచిందేమో అనీ అనిపించింది. కర్నూలు మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "ఆయిలు కొలిచే గేజీ కడ్డీ తీసి చూడక్కా, ఆయిలు బాగుంటే నడుపు" అన్నాడు. చూశాను, బాగుంది. మా ఆయన ఏం కాదులే అన్నాడు. తెల్లవారితే పద్నాలుగు మంది పిల్లలు నా బండిలో కూర్చోవాలి.

పెద్దమ్మ దగ్గర తాళంచెవి అడిగి షెడ్డులోకి పోయాను. కాగితాలన్నీ అట్లాగే వేలాడుతున్నాయి. గోడ వైపు తిరిగి, "పెదనాయనా, ఏం కనపడతాంది?" అని పైకే అడిగాను. వెనక ఎవరో నిలబడినట్టు మెడ మీద వేడిగా తగిలింది. తిరిగి చూడలేదు. జవాబూ రాలేదు. చాలాసేపు ఏడ్చాను. ఆయన లేడు, నాకు చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు. బయటికొచ్చి పిల్లల తల్లిదండ్రులందరికీ ఫోన్ చేశాను, వ్యాను రాదని. "బాగుండే బండిని ఎందుకు ఆపుతాండావు?" అని ఒకాయన అరిచాడు. ఊళ్లో ఆటో అతన్ని బతిమాలితే పిల్లల్ని రెండు విడతలుగా తీసుకుపోయాడు.

మంగళవారం వ్యానును కర్నూలుకు లాగించుకుపోతే ఇంజను విప్పారు. ఆయిల్లోకి నీళ్లు పోకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ చీలడం మొదలైంది. నాలుగు రోజులు కూడా నడిచేది కాదన్నాడు మెకానిక్. "నీకెట్ల తెలిసె అక్కా?" అని అడిగాడు. కాగితం చూపించాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఊళ్లో బస్సు దిగి, ఆటో అతనికి థాంక్స్ చెబుదామని అతని వైపు నడిచాను. నన్ను చూడగానే ఆటో స్టార్ట్ చేసి నాకు దూరంగా ఇరవై అడుగులు ముందుకు తీసుకుపోయి నిలిపాడు. దిగి, నాకెదురుగా వచ్చాడు. "ఆడనే ఉండక్కా, నేనే వస్తాండా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నా చేతుల వైపు చూస్తూ. ఇన్నేళ్లూ నీకిట్లా ఉండేదా పెదనాయనా, అనుకున్నాను. ఉన్నచోటే ఆగాను. అతని వెనక ఆటో, లోపల ఎవరూ లేకుండా, ఇంజను ఆపకుండా, రోడ్డు మీద వణుకుతూ నిలబడి ఉంది.