కేసు షీటులో నా మాట

డాక్టరు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఎప్పటి నుంచి ఇట్లున్నది?"

అది కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పక్క కుర్చీలో నా బిడ్డ, ఇంటర్ మొదటి సంవత్సరం. నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు, మంచం దిగడం లేదు అని హాస్టల్ వార్డెన్ ఫోన్ చేస్తే ఉరికి పోయి తీసుకొచ్చాం. అవతలి కుర్చీలో నా భార్య. పిల్లను హాస్టల్లో వెయ్యొద్దు, మా కాలనీ దగ్గరి కాలేజీ చాలని నెత్తీనోరూ కొట్టుకున్నది ఆమె. వినకుండా వేసింది నేను. నిజం చెబితే ఆ గదిలో దోషిని నేనే అవుతాను. అందుకే నోటికొచ్చింది చెప్పేశాను.

"చిన్నప్పటి నుంచి గిట్లనే సార్. ఎవ్వలతోని కలువది."

డాక్టరు రాసుకున్నాడు. నా భార్య చప్పున నా వైపు చూసింది. బిడ్డ తల ఎత్తలేదు. విన్నదో లేదో నేను పట్టించుకోలేదు.

నేను బొగ్గుబాయిలో పనిచేస్తాను. మాకు కంపెనీ దవాఖాన ఉంది. అక్కడికి తీసుకెళితే సాయంత్రానికల్లా క్వార్టర్లన్నిటికీ తెలుస్తుంది, పిల్లకు పిచ్చి అంటారు అని భయపడి కరీంనగర్ పట్టుకెళ్లాను. మూడేళ్ల కింద ఒక దోస్తు పోరు పడలేక తీసుకున్న ఆరోగ్య బీమా ఉందన్నదే నా ధైర్యం. పదిహేను రోజులు ఉంచుకున్నారు. బిడ్డ కొంచెం తేరుకున్నాక ఇంటికి తెచ్చుకున్నాం. మళ్లీ ఒకసారి చేర్చాలి, మధ్యలో ఆపితే మొదటికొస్తుంది అన్నాడు డాక్టరు. అంతలో బీమా వాళ్ల జవాబు వచ్చింది. పాలసీకి ముందు నుంచే ఉన్న జబ్బును దాచారు, కాబట్టి ఇవ్వం అని.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. వాళ్ల ఆఫీసుకు పోయి బల్ల గుద్దాను. "కట్టించుకునేటప్పుడు తియ్యగుండె, ఇప్పుడు నా బిడ్డ జబ్బు చేదైందా?" అని అరిచాను. అక్కడి అమ్మాయి బెదరలేదు. ఫైలు నా వైపు తిప్పింది. ఆసుపత్రి కేసు షీటు నకలు. 'తండ్రి చెప్పిన ప్రకారం చిన్నతనం నుంచి' అని ఉంది.

"మీరు చెప్పిందే కద సార్?" అన్నది. ఫైలు మూసి ఆమె వైపు తోసి బయటికొచ్చాను.

"డాక్టరే తప్పు రాసిండని పెట్టు, ఎవ్వలకెరుక?" అన్నాడు పాలసీ ఇప్పించిన దోస్తు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఉపాయం నాకు నచ్చింది. ఆసుపత్రికి పోయి షీటు దిద్దమని అడిగాను కూడా. డాక్టరు మర్యాదగానే అన్నాడు. "మీరు చెప్పిందే రాసిన. అది అబద్ధమైతే, అసలు ఎప్పుడు మొదలైందో, అప్పుడెందుకట్ల చెప్పిండ్రో మీ చేతితోని రాసియ్యుండ్రి. నా ఉత్తరం జతచేస్త. పంపే ముందు బిడ్డకు చూపెట్టుండ్రి."

రుజువు కావాలి కదా అని బిడ్డ చదివిన కాలనీ బడికి పోయాను. పెద్ద టీచరమ్మ నవ్వింది. "ఆమెనా ఎవ్వలతోని కలువంది? ఆమె నోరు మూయించుడు మాతోని కాకపోయె. బతుకమ్మ కాడ అందరికి పాట అందిచ్చేదే ఆమె." ఆ మాటే కాగితం మీద రాసి ముద్ర వేసిచ్చింది. ఆ పాటలు మా ఇంటి ముందు నేనూ విన్నవే. వస్తూ వస్తూ బండి పక్కకు ఆపి ఏడ్చాను.

ఉత్తరం రెండు పేజీలు వచ్చింది. రాఖీ పండుగ ముందు ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ చేసి "బాపూ, నన్ను తీస్కపో" అని ఏడ్చిందని రాశాను. "జర సబర్ చెయ్యి బిడ్డా, అందరికట్లనే ఉంటది" అని పెట్టేశానని రాశాను. జబ్బు ఆ రోజే మొదలైందనీ, నా తప్పు కప్పుకోవడానికే డాక్టరుకు అబద్ధం చెప్పాననీ రాశాను.

ఆ ఉత్తరంతో బీమా వాళ్లు దిగొచ్చారు. బిడ్డను మళ్లీ చేర్చాం, వైద్యం సాగుతోంది. "గెలిచినవ్ పో" అని దోస్తు భుజం తట్టాడు. నాకు మాత్రం అతని ముఖం చూడబుద్ధి కాలేదు. పంపే ముందు రోజు ఆ ఉత్తరం బిడ్డకు చూపించినప్పుడు జరిగింది అతనికి తెలియదు.

వంటింట్లో పీట మీద కూర్చుని నెమ్మదిగా చదివింది. చదివి, తేదీ మీద వేలు పెట్టింది.

"ఇది తప్పు బాపూ. గిది నువ్వు ఫోన్ ఎత్తిన రోజు. గంతకుముందు ఆరు ఆదివారాలు చేసిన."

హాస్టల్లో పిల్లలకు ఫోన్ ఆదివారమే ఇస్తారు, అదీ ఫారంలో రాసిన ఒక్క నంబరుకే. ఆ నంబరు నాది. ఆదివారం బాయి దిగితే జీతం రెట్టింపు. ఆమె ఫీజు కోసమని, ఫోన్ ఎత్తిన ఆ ఒక్కటి తప్ప, ఏ ఆదివారమూ విడిచేవాణ్ని కాదు. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు కనుక అది బండి డిక్కీలో పడి ఉండేది. పైకొచ్చాక తెలియని నంబరు కనబడితే, ఎవరో లోన్లు అంటగట్టేవాళ్లనుకుని తుడిచేసేవాణ్ని.

"నాకేమెరుక బిడ్డా, ఆదివారం నేను బాయిల ఉంటి" అన్నాను.

"నువ్వు బాయిల ఉన్నవని నాకు ఎరుకే" అన్నది. "రింగయితుంటే నేను ఇంటికాడ ఉన్నట్టే అనిపిస్తుండె. అందుకే చేసిన."

కాగితం తీసుకుని తేదీ కొట్టేశాను. ఆరు ఆదివారాలు వెనక్కి లెక్కపెట్టబోయి రెండుసార్లు తప్పాను. నా చేతిలోని పెన్ను తీసుకుని తనే రాసింది.