బండి లేపిన చేతులు

1992 వానాకాలం. భద్రాచలంలో బ్రిడ్జి దిగగానే రోడ్డు పక్కన నాకు ఒక చిన్న వర్క్‌షాపు ఉండేది. పుట్టింది తల్లాడ దగ్గర, పని నేర్చుకుంది ఖమ్మంలో లారీల కింద పడుకుని. అడవి దారుల్లో తిరిగే జీపులు, కలప లారీలు, కంకర బండ్లు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఈ సంగతి రాయడానికి కూర్చుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. కాస్త తగ్గించి రాయమని మా ఆవిడ చెప్పింది. ప్రయత్నించాను, కుదరలేదు.

ఊళ్ళో అప్పట్లో ఒక ధర్మాసుపత్రి ఉండేది. ఎవరో విదేశీ దాతలు దానికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఒక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఇచ్చారు. పర్ణశాల దాటి అడవి లోపలి గూడేలకు వారానికోసారి డాక్టరమ్మనీ, మందుల పెట్టెలనీ మోసుకెళ్ళేది ఆ బండి. డ్రైవరు యాదగిరి. నెమ్మదస్తుడు, ఎద్దుని తోలినట్టు బండిని బుజ్జగిస్తూ తోలేవాడు.

ఆ బండి సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. మన పాత జీపుల్లో ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప దిమ్మకు బిగించి ఉంటాయి. దాన్ని యాక్సిల్ అంటాం. ఈ బండికి ఆ దిమ్మ లేదు. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా, తన చేతుల మీద తాను వేలాడుతూ ఉంటుంది. అదే ఇండిపెండెంట్ సస్పెన్షన్. గతుకుల్లో మనిషి నడుం విరగకుండా మెత్తగా పోతుంది. మధ్యలో ఉన్న గేర్ల డబ్బా నుంచి చక్రానికి తిప్పుడు బలం అందించే కడ్డీ యాక్సిల్ షాఫ్టు. ఆ కడ్డీ చివర కప్పులాంటి కీలు ఉంటుంది, అందులో ఉక్కు గుండ్లు. దాని పేరు సి.వి. జాయింట్. చక్రం పైకీ కిందికీ ఆడినా, పక్కకు తిరిగినా అది మోచేయిలా వంగుతూ పని చేస్తుంది. మోచేయిలాగే దానికీ ఒక హద్దు ఉంది.

ఆ వానాకాలం మొదట్లోనే ముందు చక్రం షాఫ్టు విరిగింది. వేరేది తెప్పించి వేశాను. అదీ విరిగింది. రెండుసార్లూ ఒకే చోట, గూడేనికి ఇవతల ఉన్న వాగులో. అక్కడ అడుగంతా ఇసుక. నీళ్ళు తగ్గినప్పుడు దాటబోయినా బండి ముక్కు దిగబడిపోతుంది. గూడెం జనం వచ్చి లేపుతారు. అప్పుడే టప్పుమని విరుగుతుంది.

ఆసుపత్రి మేనేజరు స్వయంగా షాపుకు వచ్చాడు. చొక్కా నలగని మనిషి.

"మేస్త్రీ, జన్మలో విరగని షాఫ్టులు వెయ్యి. ఖర్చుకు వెనకాడకు" అన్నాడు.

నాకూ హుషారు వచ్చింది. విజయవాడలో మంచి అల్లాయ్ స్టీలు కొని, కంపెనీ షాఫ్టు కంటే లావుగా లేత్ మిషను మీద తీయించి, హార్డెనింగ్ చేయించాను. అంటే ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం. రెండు వైపులా బిగించి, చూసుకుని మురిసిపోయాను.

మళ్ళీ వాగుకు వెళ్ళింది. మళ్ళీ లారీకి కట్టుకుని లాక్కొచ్చారు. ఈసారి నా షాఫ్టుకు గీత కూడా పడలేదు. దాని చివరనున్న జాయింటు కప్పు మాత్రం కొబ్బరి చిప్పలా పగిలింది. కడ్డీ గట్టిపడేసరికి దెబ్బ పక్కదానికి పోయింది.

మేనేజరు కళ్ళు ఎర్రబడ్డాయి. యాదగిరిని నిలదీశాడు. వాడు అబద్ధం చెప్పలేదు పాపం.

"గూడెమోల్లు బొంగులు పెట్టి లేపంగనే ఇరుగుతాంది సార్" అన్నాడు.

అంతే. మేనేజరుకు కావలసింది దొరికింది. "నేననుకుంటూనే ఉన్నాను. వెదురు బొంగులతో పొడిచి విరగ్గొడుతున్నారు. మంచి చేసినా తెలియని జనం. ఇక బండి ఆ వాగు దాటదు" అని తేల్చేశాడు.

ఎందుకు విరగ్గొడతారయ్యా? వాళ్ళ మందులు వాళ్ళే నీళ్ళపాలు చేసుకుంటారా? మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, బురద తాగి, ఒక్కనాడూ ఒక్క పైసా అడగకుండా లేపిన వాళ్ళ మీద ఆ మాట ఎలా వచ్చింది నోటికి? నేను అప్పుడు ఈ ప్రశ్నలు గట్టిగానే అడిగాను. "నువ్వు బండి సంగతి చూడు మేస్త్రీ, మనుషుల సంగతి నాకు తెలుసు" అన్నాడాయన.

రెండు వారాలు బండి అటు పోలేదు. ఒకరోజు ఒక ముసలాయన నా షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. పేరు సమ్మయ్య, వాగు అవతలి కోయగూడెం ఆయన. మోకాళ్ళ దాకా బురద. ఆయన కోడలు కన్నమ్మకు టీబీ. చంటిబిడ్డ తల్లి. బండిలో వచ్చే డాక్టరమ్మే సూదులూ మాత్రలూ ఇచ్చేది. ఆ మందు ఆపకూడదు. ఆపితే రోగం మొండికెత్తుతుంది, తర్వాత అదే మందు పని చేయకపోవచ్చు.

"దవాఖానకు పోయిన బిడ్డా. మనిషిని తోల్కరాపో అన్నరు. లేవనే లేవదాయె, ఎట్ల తోల్కరావాలె? బండి జల్ది బాగైతదా?"

"డాక్టరమ్మను కలవలేదా తాతా?"

"అమ్మ ఊల్లె లేదన్నరు."

అంత దూరం నడిచొచ్చిన మనిషిని గేటు దగ్గరి నుంచే పంపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరమ్మ రాగానే వెళ్ళి చెప్పాను. ఆమె మేనేజరుతో పోట్లాడి కొత్త జాయింటు తెప్పించింది.

నేను పగిలిన కప్పును ముందు పెట్టుకుని కూర్చున్నాను. గుండ్లు కప్పు అంచును ఒరుసుకున్న గీతలున్నాయి. అంటే చక్రం కిందికి వేలాడి, కీలు పూర్తిగా వంగిన స్థితిలో ఉండగా బలం పడింది. ఇసుకలో కూరుకున్న చక్రం పైకి నెట్టుకుని ఉండాలి గానీ, అంత కిందికి ఎలా వేలాడింది? ఎంత ఆలోచించినా తెగలేదు. బండికి కొత్త జాయింటు బిగించి, యాదగిరి పక్కన కూర్చుని నేనే వాగుకు వెళ్ళాను.

అనుకున్నట్టే దిగబడింది. ఇంజను చప్పుడు విని గూడేనికి గూడెమే పరుగెత్తుకొచ్చింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, నవ్వుతూ, కోయ మాటల్లో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ నీళ్ళలోకి దిగారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. రెండు బొంగులు ముందు బంపరు కిందికి పోయాయి. ఒక్క కేకతో బండి ముక్కు గాల్లోకి లేచింది. యాదగిరి స్టీరింగు పక్కకు తిప్పి యాక్సిలేటరు తొక్కబోయాడు.

నేను కిందికి వంగి చూస్తున్నాను. బండి లేచింది గానీ చక్రాలు లేవలేదు. ఇసుకలోనే ఉండిపోయాయి. షాఫ్టులు రెండూ కిందికి వాలిపోయి ఉన్నాయి.

"ఆపు యాదగిరీ! తొక్కకు!"

అప్పటికి బుర్రకెక్కింది. ఆ వాగులో ఏళ్ళ తరబడి వాళ్ళు లేపినవన్నీ పాత జీపులు. బంపరు పట్టి లేపితే యాక్సిల్ దిమ్మతో పాటు చక్రమూ పైకొచ్చేది. ఈ బండిలో చక్రం విడిగా వేలాడుతుంది కాబట్టి కిందే ఉండిపోతుంది, కీలు హద్దు దాకా వంగుతుంది, ఆ క్షణాన డ్రైవరు బలం పెడతాడు. విరగక ఏం చేస్తుంది? వాళ్ళ సాయంలో తప్పు లేదు, పట్టిన చోటు ఈ బండికి సరిపడలేదు. ఆ సంగతి బండి ఇచ్చినవాళ్ళు చెప్పలేదు, తెచ్చినవాళ్ళు అడగలేదు, బాగుచేసిన నేనూ షాపులో కూర్చునే ఉన్నాను.

బొంగులను చక్రం పక్కనే ఉండే లోయర్ ఆర్మ్ కిందికి, అంటే చక్రాన్ని మోసే కింది చేయి కిందికి, పెట్టించాను. ఈసారి చక్రమే ఇసుకలోంచి బయటికొచ్చింది. కింద రాళ్ళు పేర్చాం. బండి దాటింది.

షాపుకు వచ్చాక ఇంకో పని చేశాను. బొగ్గు గనుల్లో వాడి పడేసిన కన్వేయర్ బెల్టు ముక్కలు కొత్తగూడెంలో దొరుకుతాయి. రబ్బరు, మధ్యలో గట్టి గుడ్డ పొరలు. వాటిని అరచేతి వెడల్పున కోసి, బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కూ కింది చేయికీ మధ్య రెండువైపులా బిగించాను. ఎవరు ఎక్కడ పట్టి లేపినా ఇక చక్రం హద్దు దాటి వేలాడదు.

ఇదంతా మేనేజరుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా?

"అంటే వాళ్ళ వల్లే విరిగిందన్నమాట. నేను చెప్పలా?"

"ఎక్కడ పట్టుకోవాలో వాళ్ళకు ఎవరు చెప్పారు సార్?" అని అడిగాను. అరిచాను కూడా. అరిచినా ఆ మొహంలో ఏ కదలికా లేదు.

మరుసటి వారం డాక్టరమ్మతో పాటు నేనూ వెళ్ళాను. బెల్టులు ఎలా పని చేస్తాయో చూద్దామని. వాగు మధ్యలో ముక్కు దిగబడింది. ఇంజను చప్పుడుకు గూడెం వచ్చింది. వచ్చి, అవతలి ఒడ్డునే ఆగిపోయింది. ఒక్కరూ నీళ్ళలోకి దిగలేదు. చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక నులకమంచం మీద కన్నమ్మ. మంచంతో సహా ఒడ్డుకు మోసుకొచ్చారు.

"తాతా, రా! ఒక పట్టు పట్టండి!" అని కేకేశాను.

సమ్మయ్య కదల్లేదు. "బండిని ముట్టొద్దని సంతల చెప్పిచ్చిన్రు గద బిడ్డా. మేం ముడితే ఇరుగుతదట. ఇరిగితే ఇంగ రాదట. మా పిల్లకు మందు గావాలె. గందుకే ముడ్తలేం."

యాదగిరి తల దించుకున్నాడు. ఆ కబురు ఆ వారం సంతలో చెప్పింది వాడే, మేనేజరు పంపితే. డాక్టరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి దిగింది. నేను అవతలి ఒడ్డుకు వెళ్ళి సమ్మయ్య చేయి పట్టుకున్నాను. "బండి విరిగింది నీ వల్ల కాదు తాతా. తప్పు మాది. నువ్వు పట్టకపోతే ఇది ఇక్కడే ఉంటుంది" అన్నాను. ఆయన బొంగు అందుకున్నాడు.

కన్నమ్మకు మందు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అన్ని సూదులూ మళ్ళీ. అయినా బతికింది. షాఫ్టూ జాయింటూ మాత్రం ఇంక విరగలేదు.

ఈ కేసు తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ బండి విరిగి వచ్చినా, విరిగినప్పుడు పక్కన ఎవరున్నారు, ఎక్కడ పట్టుకున్నారు అని అడుగుతాను. నేరం మోపడానికి కాదు, వాళ్ళకు చెప్పాల్సింది ఎవరు చెప్పలేదో తెలుసుకోవడానికి. గట్టి షాఫ్టు డబ్బు పెడితే దొరుకుతుంది. సాయానికి వచ్చే మనిషి డబ్బుకు దొరకడు.

మరుసటి ఏడాది వానల్లో అదే వాగులో బండి దిగబడితే, లేపడానికి వచ్చినవాళ్ళలో కన్నమ్మ కూడా ఉంది. ఒళ్ళు చేసింది, గట్టిగా ఉంది. కళ్ళనిండా చూసుకున్నాను. ఆమె బొంగు పట్టుకుని నీళ్ళలో ఆగి, బండిని తాకకుండా నా వైపు తిరిగింది.

"ముట్టొచ్చునా అన్నా?" అని అడిగింది.