కూడిక గుర్తుకు ముందున్న పేరు

ఆ రోజు తప్పింది ప్రోగ్రాం కాదు, నేను. ఈ ఒక్క మాట పైకి అనడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే ఇంత వివరంగా మీకు చెప్పగలుగుతున్నాను.

ఇంటర్నెట్ మా వైపు కొత్తగా వచ్చిన రోజులు. భీమవరంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. వరలక్ష్మి గారు నా దగ్గర నేర్చుకునేవారు. వయసులో నాకంటే పెద్ద. పాలకొల్లులో టీచర్ ఉద్యోగం మానేసి, రోజూ బస్సులో వచ్చి వెళ్లేవారు. సెంటర్ యజమాని మూర్తి గారు ఆవిడకు ఒక మాట ఇచ్చారు. రొయ్యల పరీక్షలు చేసే ల్యాబ్ కోసం ఆవిడ రాస్తున్న పేజీ బాగా పనిచేస్తే, మా సెంటర్‌లోనే పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి తీసుకుంటానని.

పేజీ చిన్నదే. రైతు తన పేరు కొడితే, తన చెరువు రొయ్యల్లో వైరస్ ఉందో లేదో కనబడాలి. కొట్టిన పేరు పైన అడ్రసు గడిలో ప్రశ్నార్థకం తర్వాత చేరి సర్వర్‌కు వెళ్తుంది. అక్కడ ఆవిడ ప్రోగ్రాం దాన్ని చదివి, జాబితాలో వెతుకుతుంది. ల్యాబ్ వాళ్లు, రైతులు చూడటానికి వచ్చే రోజు పొద్దున అది మొరాయించింది. ఒక్క మాట పేరైతే దొరుకుతోంది. రెండు మాటల పేరు కొడితే వివరాలు లేవంటోంది.

“సర్వర్‌కి అసలు ఏం వస్తోందో ఒకసారి తెర మీద ప్రింట్ చేసి చూద్దామాండీ?” అన్నారావిడ.

“ఇప్పుడంత టైము లేదండి. ఇలా జరగండి,” అని నేను కూర్చున్నాను.

అడ్రసు గడిలో పేరు మధ్య ఖాళీ ఉండాల్సిన చోట కూడిక గుర్తు కనిపించింది. బ్రౌజర్ ఖాళీని అలా మార్చి పంపుతుందని, దాన్ని మనం మళ్లీ ఖాళీగా మార్చుకోవాలని నాకు తెలియదు. తెలియదని చెప్పలేకపోయాను. పాఠం చెప్పేవాణ్ణి కదా! ఆ గుర్తు దగ్గర పేరును కోసేసి, ముందున్న ముక్కను మాత్రమే తీసుకుని, ఆ ముక్కతో మొదలయ్యే మొదటి పేరును చూపించమని ఒక లైను రాశాను. జాబితాలో నా పేరు చేర్చి కొట్టి చూశాను. వచ్చింది. “అయిపోయిందండి,” అని లేచాను.

కాలేజీ రోజుల నుంచి నేను నా పేరును ఇంగ్లీషు పుస్తకాల్లోలాగా రాసుకునేవాణ్ణి, ఇంటిపేరు చివర పెట్టి. మా వైపు మరెవరూ అలా రాయరు. ఇంటిపేరే ముందు. అంటే వాళ్ల పేర్లలో నా లైను తీసుకునేది ఒక్క ఇంటిపేరునే. రోజూ నేను పిలిచే హాజరు పట్టీలోనూ అంతే. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదా? ఆ నిమిషంలో గుర్తు రాలేదా, లేక గుర్తు తెచ్చుకుంటే మళ్లీ మొదలుపెట్టాలని భయపడ్డానా? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. రామరాజు గారనే రైతు ముందుకొచ్చి, ఒక్క వేలితో ‘కలిదిండి’ అని, ఆ తర్వాత తన పేరు కొట్టారు. వైరస్ ఉందని వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. రొయ్య ఇంకా సగం కూడా ఎదగలేదట, కానీ వైరస్ సోకితే అన్నీ చచ్చేలోపు పట్టి అమ్ముకోవాల్సిందే. అక్కడి ఫోన్ అందుకుని చెరువు దగ్గరికి చేశారు. “ఒరేయ్, వలలు దించేయండ్రా. ఇవాళే పట్టేద్దాం.”

వరలక్ష్మి గారు తెర మీదకు వంగారు. “రాజు గారూ, ఆగండాగండి! ఇది మీది కాదండి. కింద పేరు చూడండి, కలిదిండి భీమరాజు గారని ఉంది.”

ఇంటిపేరు తనదే కదా, ఆయన తక్కినది చదవలేదు. మేమూ చదవలేదు. ఆయన ఫోన్‌లో ఆపమని అరిచి, పై కండువాతో ముఖం తుడుచుకున్నారు. “మా బాబాయి జబ్బు తెచ్చి నా రొయ్యలకి అంటగట్టేశారేంటండీ! పొలం గట్టు దగ్గర జానెడు జాగా ఇవ్వడు గానీ, ఇదైతే ఇచ్చేశాడు!”

అందరూ నవ్వారు. మూర్తి గారు నవ్వలేదు. “ఎవరండీ ఇది రాసింది?” అని నన్నడిగారు.

“వరలక్ష్మి గారేనండి. కొత్త కదండీ, పాపం.”

అదే నేను చేసిన పని. ప్రోగ్రాం ఆవిడదే కనుక అబద్ధం కూడా కాదని ఎన్నోసార్లు సమాధానపడ్డాను. కానీ ఆ ‘పాపం’ ఎందుకన్నాను? జాలి చూపించి మరీ ముంచాను. ఆవిడ ఒక్కసారి నా వైపు చూశారు. “చూసి సరిచేస్తానండి,” అని మాత్రం మూర్తి గారితో అన్నారు.

వాళ్లు వెళ్లాక, పొద్దున నేను వద్దన్న పనే ఆవిడ చేశారు. వచ్చింది వచ్చినట్టు ప్రింట్ చేశారు. పూర్తి పేరు, మధ్యలో కూడిక గుర్తు. నా లైను తీసేసి, ఆ గుర్తును ఖాళీగా మార్చి, మొత్తం పేరుతో వెతకమన్నారు. రామరాజు గారి ఫలితం వచ్చింది. వైరస్ లేదు. “ఇదిగోండి, చూస్తే ఎంత తేలికో!” అన్నారు నాతో, నిజమైన సంతోషంతో. ఆ లైను నేను రాసిందని ఆవిడ అప్పుడూ అనలేదు, మూర్తి గారితోనూ అనలేదు. నా పరువు కాపాడారా? నా సంగతే పట్టించుకోలేదా?

ఆవిడకు మా సెంటర్‌లో ఉద్యోగం రాలేదు. పాలకొల్లు బడికే తిరిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా, ప్రోగ్రాం తప్పితే ముందు ఏం వచ్చిందో చూస్తాను. నా అన్నం ఆ అలవాటు పెట్టిందే. ఆ రోజు ఆవిడ కింద పేరు చదవకపోయి ఉంటే, నా లైను వల్ల ఒక చెరువు పంట చిన్న రొయ్యలుగానే వలలోకి వచ్చేసేది. ఆవిడ పేరు తలచుకోగానే సిగ్గుకంటే ముందు కృతజ్ఞతే కలుగుతుంది. సిగ్గు దాని వెనకాలే వస్తుంది.

ఈ మధ్యే వెళ్లాను. ముందు మూర్తి గారి దగ్గరికి. సెంటర్ ఎప్పుడో మూతపడింది. అంతా విని, “అయితే మంచి టీచర్ని నేనే పోగొట్టుకున్నానన్నమాట,” అన్నారు. అక్కడి నుంచి పాలకొల్లు బడికి. వరండాలో నిలబడి వరలక్ష్మి గారికి మొత్తం చెప్పాను.

“మీరు ఆ రోజే మూర్తి గారితో చెప్పి ఉండాల్సిందండి,” అన్నారు. బడి గంట మోగింది. ఆవిడ క్లాసుకు వెళ్లిపోయారు.

అంతకంటే ఏం అనాలి? చెప్పగలిగాను, నాకు అది చాలు.

ఇప్పుడు కొత్తవాళ్లకు ఈ పాఠం చెప్పేటప్పుడు, ఆ తప్పుడు లైను బోర్డు మీద రాస్తాను. పక్కన నా పేరు రాస్తాను, ఇంటిపేరు ముందు పెట్టి. దాని కింద సరిచేసిన లైను. ఆ పక్కన ఆవిడ పేరు.